పాత ల్యాప్‌టాప్‌లో మళ్ళీ విండోస్ 7 వేద్దామంటే సెటప్ సీడీ డ్రైవర్ అడుగుతోంది, హెల్ప్ ప్లీజ్

పాతడొక్కు:
అందరికీ నమస్తే. నా ల్యాప్‌టాప్ 2012ది, ఐ3, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. కొన్నప్పుడు విండోస్ 7 ఉండేది, తర్వాత ఫ్రీగా వస్తోంది కదా అని 10 ఎక్కించుకున్నా, అప్పట్నుంచే మొదలైంది నా తిప్పలు, ఆన్ చేసి స్నానం చేసొచ్చినా ఇంకా గిరగిరా తిరుగుతూనే ఉంటది, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎప్పుడు చూసినా 100 శాతం. 10కి కూడా 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ అయిపోయింది, 11 ఎలాగూ దీనికి ఎక్కదు, ఇంకెందుకు పాత 7కే పోదామని రూఫస్ అనే టూల్‌తో బూట్ అయ్యే పెన్‌డ్రైవ్ చేశా. బూట్ అవుతోంది, కానీ ఇన్‌స్టాల్ నౌ నొక్కగానే సీడీ/డీవీడీ డ్రైవర్ లేదు, ఎక్కడుందో చూపించు అంటోంది. వేసేది పెన్‌డ్రైవ్‌తో అయితే మధ్యలో ఈ సీడీ గోలేంటి?? ఐఎస్ఓ (విండోస్ సెటప్ ఫైల్) రెండుసార్లు దింపా, పెన్‌డ్రైవ్ మార్చా, అదే పాట. నా దగ్గరున్న పాత స్కానర్‌కి డ్రైవర్ 7 దాకానే ఉంది, అందుకే ఇంత పట్టుదల.

బయోస్‌బాబాయ్:
పెన్‌డ్రైవ్ ఏ పోర్ట్‌లో పెట్టారండి? లోపల నీలం రంగున్నదైతే అది యూఎస్‌బీ 3.0. విండోస్ 7 వచ్చింది 2009లో, దాని సెటప్‌లో 3.0 డ్రైవరే లేదు. మొదట్లో బయోస్ (మదర్‌బోర్డ్‌లోనే ఉండే స్టార్టప్ ప్రోగ్రామ్) చదివి పెడుతుంది కాబట్టి అంతా బానే ఉన్నట్టు కనిపిస్తది, సెటప్ సొంతంగా చూడ్డం మొదలెట్టాక దానికి పెన్‌డ్రైవ్ ఆనదు, అందుకే సీడీ డ్రైవర్ అని ఏడుస్తది. నల్ల పోర్ట్‌లో పెట్టి మొదట్నుంచి బూట్ చేయండి. ముందు డేటా మొత్తం బయటికి కాపీ చేసుకోండి, ఆ తర్వాతే ఏదైనా.

చల్లనిఫ్యాన్:
బ్రో వేసుకోవడం వేసుకో గానీ 7తో నెట్‌లో తిరగాలనుకుంటే మాత్రం వద్దు. దానికి సపోర్ట్ 2020 జనవరి 14నే అయిపోయింది, క్రోమ్ 109 దగ్గర ఆగిపోయింది, ఫైర్‌ఫాక్స్ 115 దగ్గర. ఆ బ్రౌజర్‌లో బ్యాంక్ పాస్‌వర్డ్ కొడతావా? అసలు నీ జబ్బు విండోస్ కాదు, ఆ తిరిగే హార్డ్ డిస్క్. 10 వెనకాల ఎప్పుడూ ఏదో ఒకటి రాసుకుంటూ చదువుకుంటూ ఉంటది, హార్డ్ డిస్క్ సూది అటూ ఇటూ పరిగెత్తలేక చస్తది, అదే నీ 100 శాతం. దాని బదులు ఒక 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) పెట్టి చూడు.

పెంగ్విన్‌పక్షం:
విండోస్ బదులు లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసెయ్, ఫ్రీగా దొరికే తేలికపాటి ఓఎస్. 4 జీబీ సరిపోద్ది, అప్డేట్లు కూడా వస్తాయి. ఇన్‌స్టాల్ చెయ్యకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు, వైఫై పడుతుందో లేదో అక్కడే తేలిపోద్ది.

పాతడొక్కు:
బాబాయ్ గారూ దండం!! నల్ల పోర్ట్‌లో పెట్టగానే మారుమాట లేకుండా ఎక్కేసింది, మూడు రోజులు వృథా చేశా. వైఫై రాలేదు, వేరే సిస్టమ్‌లో డ్రైవర్ దింపి వేసుకున్నా. స్కానర్ సూపర్‌గా పనిచేస్తోంది. అప్డేట్లు మాత్రం ఎంతసేపు వెతికినా చివరికి ఎర్రరే. చల్లనిఫ్యాన్ బ్రో, మీరన్నది నిజమే, కొన్ని సైట్లు అసలు తెరుచుకోవట్లేదు.

బయోస్‌బాబాయ్:
అప్డేట్లకి సర్వీస్ ప్యాక్ 1 (7కి వచ్చిన పెద్ద అప్డేట్ల మూట) ఉండాలి. తర్వాత మైక్రోసాఫ్ట్ అప్డేట్ కేటలాగ్ నుంచి కేబీ4490628, ఆమీద కేబీ4474419 అనే అప్డేట్లు ఇదే వరసలో చేత్తో వేసుకోండి. 2019లో అప్డేట్లు అసలువేనని చూపే డిజిటల్ సంతకాన్ని ఎస్‌హెచ్‌ఏ-2 పద్ధతికి మార్చేశారు, కొత్తగా వేసిన 7 ఆ సంతకాన్ని గుర్తుపట్టదు.
ఇంకో మాట, మీ ల్యాప్‌టాప్‌కి డీవీడీ డ్రైవ్ ఉందా? ఉంటే దాన్ని పీకేసి ఆ ఖాళీలో క్యాడీతో (డీవీడీ డ్రైవ్ సైజులో ఉండే డిస్క్ ఫ్రేమ్) ఇప్పుడున్న హార్డ్ డిస్క్ పెట్టేయండి, అసలు చోట కొత్త ఎస్ఎస్‌డీ వేసి అందులో మింటో ఏదో ఒకటి. స్కానర్ పనున్నప్పుడు బూట్ మెనూలో 7 ఎంచుకుంటే సరి, దానికి నెట్ ఇవ్వకండి.

పాతడొక్కు:
డీవీడీ ఉంది, ఏళ్ళయింది తెరిచి. క్యాడీ ఏదైనా పడుతుందా?

బయోస్‌బాబాయ్:
ఏదైనా అంటే కుదరదు, 9.5 ఎంఎం, 12.7 ఎంఎం అని రెండు మందాలున్నాయి. కింద ఒక స్క్రూ తీస్తే చాలా మోడళ్ళలో డ్రైవ్ బయటికి జారిపోద్ది, స్కేల్ పెట్టి కొలిచాకే కొనండి. దాని ముందు మూత పారేయకండి, క్యాడీకి అదే బిగించాలి.