టీబీ గోలీలు వేసుకుంటే అమ్మ కక్కుకుంటున్నది, ఏం చెయ్యాలె?

మాది దేవరకొండ దగ్గర పల్లె. అమ్మకు టీబీ గోలీలు మొదలుపెట్టి ఇయ్యాళకు 9వ రోజు. బరువు 44 కిలోలు, అందుకని రోజుకు 3 గోలీలు, పరగడుపున. ఒక్కో గోలీల 4 మందులున్నయి. 2 నెలలు ఇవి, తర్వాత 4 నెలలు 3 మందులవి.

మొదటిరోజు మూత్రం నారింజ రంగుల వస్తే హడలిపోయినం. అది గోలీల ఉన్న రిఫాంపిసిన్ అనే మందు రంగేనని ఆశా వర్కరమ్మ చెప్పింది, ఆ భయం పోయింది. కానీ గోలీలు మింగిన అరగంటకే అమ్మ గోడ పట్టుకొని వాకిట్ల కూసుంటది, నోట్లె నీళ్లూరుతయి, కక్కుకుంటది. పగటీలి దాకా మెతుకు ముట్టది. మోకాళ్లు గుంజుతున్నయంటది. నిన్నయితే గోలీలు కొంగున ముడేసి దాచింది! నడుమ ఆపితే మందులకు లొంగని టీబీ అయితదని బతిమాలి వేయించిన.

కండ్లు పచ్చగ లేవు, చూపు మంచిగనే ఉన్నది. రేపు దవాఖానకు తీసుకపోయి లివర్ పరీక్ష అడుగుత.

ఈ గోలీలు వాడినోళ్లు జర చెప్పుండ్రి. ఇంత జావ తాగి వేసుకుంటే మీకు తగ్గిందా? రాత్రి పండుకునే ముందు వేసుకొమ్మని డాక్టర్ ఎవలికన్న చెప్పిండా? వాంతిల గోలీ పడిపోతే మీకేం చెయ్యమన్నరు? ఎన్ని దినాలకు అన్నం సయించింది?