నాన్నకి షుగర్, రాత్రి భోజనమేమో పదిన్నరకి. టైం మారిస్తే తేడా వస్తుందా?

మాది కూకట్‌పల్లి. నాన్నకి 58 ఏళ్లు, టైప్ 2 షుగర్ వచ్చి ఆరేళ్లయింది. మొన్న హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 8.1, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 142 వచ్చాయి, అప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షనే, ఎందుకంటే మా బాబాయికి షుగర్‌తో పాటే గుండెకి స్టెంట్ కూడా పడింది.

నాన్న తిండి సంగతి చెప్తాను. పొద్దున టిఫిన్ ఉండదు, ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు అంతే. మధ్యాహ్నం షాపులోనే ఏదో ఒకటి తినేస్తారు. షాపు మూసి ఇంటికొచ్చేసరికి పది దాటుతుంది, అప్పుడు కంచం నిండా అన్నం, పప్పు, వేపుడు, పెరుగన్నం, పదకొండున్నరకల్లా నిద్ర. రాత్రి పొద్దుపోయాక తింటే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదని, పొద్దున షుగర్ ఎక్కువుంటుందని డాక్టర్ చెప్పారు. నాన్న వింటేగా!

మా కజిన్ ఏమో 16 గంటల ఉపవాసం చేయించమంటున్నాడు. కానీ నాన్న గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వాడుతున్నారు, అది వేసుకుని తిండి మానేస్తే షుగర్ పడిపోతుంది కదా, నాకు భయం. డాక్టర్‌ని అడగకుండా ఆ పని చేయను లెండి.

షాపులు నడిపేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఏడున్నరకి కౌంటర్ దగ్గరే రెండు జొన్న రొట్టెలు, కూర తినేసి, ఇంటికొచ్చాక మజ్జిగతో సరిపెట్టుకోవడం మీకు కుదిరిందా? మూడు నెలల తర్వాత రిపోర్టులో ఏమైనా మార్పు కనిపించిందా? అన్నం లేకపోతే తిన్నట్టే లేదనే మనిషిని ఎలా ఒప్పించారో కూడా చెప్పండి ప్లీజ్.