పాముల మీద పిహెచ్‌డి చేసిన లాల్జీ సింగ్ డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌లోకి ఎలా వచ్చారు?

ఎమ్మెస్సీ_ఫైనల్:
జెనెటిక్స్ ఫైనల్ ఇయర్ అండి. ఒక ల్యాబ్‌లో పిహెచ్‌డికి బల్లుల్లో రిపీట్ డీఎన్‌ఏ (ఒకే వరుస మళ్లీ మళ్లీ వచ్చే డీఎన్‌ఏ) టాపిక్ ఇస్తామంటున్నారు, ఇంట్లోవాళ్లేమో క్యాన్సరో షుగరో అయితే పనికొస్తుంది గానీ బల్లులేంటి అంటున్నారు. మా సార్‌ని అడిగితే, మన దేశంలో డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌కి పేరుపడ్డ శాస్త్రవేత్త లాల్జీ సింగ్ గారి గురించి చదవమన్నారు. చదివాను, బెనారస్‌లో పాముల క్రోమోజోములు, 1974లో ఎడిన్‌బరో, 1987లో హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), 1988కల్లా డీఎన్‌ఏతో మనిషిని గుర్తుపట్టే ఫింగర్‌ప్రింటింగ్. మధ్యలో లింకే దొరకట్లేదు. ఆయన టాపిక్ మార్చేశారా లేక పాములే అక్కడికి తీసుకెళ్లాయా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

క్రోమోజోమ్_పిచ్చి:
మార్చలేదండి, పాములే తీసుకెళ్లాయి. ఆడా మగా తేల్చే క్రోమోజోములు చాలా పాముల్లో మనకి రివర్స్ (మనలో ఆడవాళ్లకి రెండు ఎక్స్‌లు, మగవాళ్లకి ఎక్స్, వై), మగదానికి రెండు జెడ్‌లు, ఆడదానికి జెడ్, డబ్ల్యూ. కొండచిలువల్లో ఆ జత రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కట్లపాము దాకా వచ్చేసరికి డబ్ల్యూ బాగా వేరైపోయి ముద్దగా బిగుసుకుపోయి ఉంటుంది. ఎందుకలా అయిందన్నదే ఆయన్ని పట్టుకున్న ప్రశ్న. ఎడిన్‌బరోలో కెన్ జోన్స్ అనే శాస్త్రవేత్తతో కలిసి ఆడ కట్లపాము డీఎన్‌ఏ నుంచి ఒక శాటిలైట్ ముక్క (రిపీట్లతో నిండిన డీఎన్‌ఏ) విడదీశారు, బ్యాండెడ్ క్రెయిట్ మైనర్ శాటిలైట్, పొట్టిగా బీకేఎమ్ అంటారు. (ఆ పాము శాస్త్రీయ నామంలో బంగారస్ అన్నది మన తెలుగు బంగారమే, ఇది తెలిసిన రోజు నాకు భలే సంతోషమేసింది.) అందులో జీఏటీఏ అనే నాలుగక్షరాలు మళ్లీ మళ్లీ వస్తాయి. దాన్ని ప్రోబ్‌గా, అంటే తనలాంటి వరుస ఎక్కడుంటే అక్కడ అంటుకునే ముక్కగా వాడితే పాముల్లో డబ్ల్యూకి అంటుకుంది సరే, మగ చిట్టెలుక వై క్రోమోజోమ్‌కి కూడా అంటుకుంది! మనుషుల్లోనూ ఉంది, కాకపోతే ఆ నాలుగక్షరాలు ఎన్నిసార్లు రిపీట్ అయ్యాయన్నది మనిషికీ మనిషికీ మారుతుంది. ఫింగర్‌ప్రింట్‌కి కావాల్సింది అదే కదా.

పాత_ల్యాబ్_మనిషి:
అలా ప్రోబ్‌తో వెతికే పరీక్షల్ని బ్లాట్లు అంటారు, అవి చేసిన తరం మాది. రక్తంలోంచి డీఎన్‌ఏ తీసి ఎంజైమ్‌తో కోసి, జెల్ మీద రాత్రంతా పరిగెత్తించి, మెంబ్రేన్ మీదకి ఎక్కించి, రేడియోయాక్టివ్ ఫాస్ఫరస్ ఉన్న ప్రోబ్ వేసి, ఎక్స్‌రే ఫిల్మ్ పెట్టి క్యాసెట్ మూసి మైనస్ 70 ఫ్రీజర్‌లో పెట్టి రోజుల తరబడి ఎదురుచూడాలి. డార్క్‌రూమ్‌లో ఆ ఎర్ర లైటు కింద ఫిల్మ్ మీద నల్లటి గీతలు ఒక్కొక్కటే తేలుతుంటే ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. పిల్లాడి లేన్ (జెల్ మీద ఒక్కొక్కరి డీఎన్‌ఏ పరిగెత్తే వరుస) పక్కన తల్లి లేన్ పెట్టి కలిసిన గీతలన్నీ కొట్టేస్తూ పోతే, మిగిలినవి తండ్రి లేన్‌లో కనపడాలి. ఒకటి తేడా వస్తే మ్యుటేషన్ కావచ్చు, చాలా మిగిలిపోతే ఆయన తండ్రి కాదు. 1991 రాజీవ్ గాంధీ హత్య కేసు, 1995 ఢిల్లీ తందూర్ కేసు, రెండింట్లోనూ డీఎన్‌ఏ గుర్తింపు లాల్జీ సింగ్ గారి టీమే చేసింది.

క్రోమోజోమ్_పిచ్చి:
ఒక్క మాట చెప్పాలి, ఫింగర్‌ప్రింటింగ్‌ని ఆయనే కనిపెట్టారని కొందరు రాస్తున్నారు, అది తప్పు. 1984లో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ కనిపెట్టారు. లాల్జీ సింగ్ గారు మనకంటూ వేరే ప్రోబ్ తయారుచేసి, కోర్టులో నిలబడేలా చేశారు, అదేం చిన్న పని కాదు. ఇప్పుడు బ్లాట్లు పోయి పీసీఆర్ (కొద్ది డీఎన్‌ఏ నుంచి బోలెడు కాపీలు చేసే పద్ధతి) వచ్చింది గానీ ఇవాళ్టి ఫోరెన్సిక్ కిట్లలోనూ చాలా మార్కర్లు ఆ జీఏటీఏ రకం రిపీట్లే. తర్వాత ఆయన 1998 నుంచి 2009 దాకా సీసీఎంబీ డైరెక్టర్, 2009లో తంగరాజ్, డేవిడ్ రైక్ అనే జన్యుశాస్త్రవేత్తలతో కలిసి మన దేశంలోని 25 సమూహాల జన్యుచరిత్ర మీద నేచర్ పత్రికలో పేపర్, ఆ కథ ఇంకోసారి.

ఇంతకీ మీ ల్యాబ్‌వాళ్లు బల్లుల్లో ఏం అడగబోతున్నారు? ఊరికే రిపీట్లు లెక్కపెట్టడమే అయితే నేనైతే చేరను. బల్లుల్లో కొన్ని జాతులకి మనలా ఎక్స్, వై, కొన్నిటికి పాముల్లా జెడ్, డబ్ల్యూ, అక్కడ ప్రశ్న ఉంది.

ఎమ్మెస్సీ_ఫైనల్:
సరిగ్గా అదేనండి, వాళ్లు పంపిన ప్రపోజల్‌లో రెండు రకాల జాతులూ ఉన్నాయి, అప్పుడు నాకు అర్థం కాలేదు. ఈ రాత్రికే మళ్లీ చదువుతాను.