అరవై దాటాక మిక్స్‌డ్ మీడియా: బోర్డు, జిగురు, మన ఎర్రమన్ను

పెన్నా_ఒడ్డు (అనంతపురం):
రిటైరైనాక మిక్స్‌డ్ మీడియా మొదలుపెట్టేవాళ్లకు ఏ సామాను కావాల? పట్టు ముక్కలు, పేపరు, తోలు, రాయి అన్నీ ఒకే బోర్డు మీదికి రావాల. అతికించినవి లేస్తున్నాయి, బోర్డు వంగుతోంది. కారణమేంది?

రేగడి_చేను (ఆదోని):
కాన్వాస్ వద్దన్నా. బరువులు అతికిస్తే గుడ్డ ఊగుతుంది, ఊగినప్పుడల్లా జిగురు వదులుతుంది. ప్లైవుడ్ షాపులో 6 ఎంఎం ఎండీఎఫ్ (కట్టె పీచును జిగురుతో అదిమి చేసిన బోర్డు) తీసుకుని 12 × 16 అంగుళాలకు వాళ్ల చేతనే కోయించండి. కోసేటప్పుడు లేచే పొట్టు పీల్చితే మంచిది కాదు. గెస్సో, అంటే రంగు పట్టేందుకు బోర్డుకు ముందుగా వేసే తెల్ల పూత, ఇంట్లోనే అవుతుంది: జల్లించిన సుద్దపొడి రెండు పాళ్లు, తెల్ల అక్రిలిక్ ఒక పాలు, ఫెవికాల్ ఒక పాలు, దోసెపిండి జారుడుకు వచ్చేదాకా నీళ్లు. సుద్ద ఎక్కువైతే రాలుతుంది, ఫెవికాల్ ఎక్కువైతే రంగు పట్టదు. పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) వేయొద్దు, గిన్నెలోనే గట్టిపడుతుంది. ముందు ఎన్ని పూతలో వెనకా అన్నే వేయాల. ఒకవైపే పూస్తే ఆరేటప్పుడు ఆ వైపుకే లాక్కుంటుంది, మీ బోర్డు వంగేది అందుకే.

ధర్మవరం_పోగు:
పట్టు ముక్కకు ఫెవికాల్ నీళ్లు పూయొద్దక్కా, మరక పైకి తేలుతుంది. అక్రిలిక్ మ్యాట్ మీడియం (రంగు లేని, మెరవని అక్రిలిక్ జిగురు) వాడండి. కోయకముందే వెనక పలచగా పూసి ఆరనిస్తే అంచున పోగులు ఊడవు. తర్వాత బోర్డుకూ గుడ్డకూ మళ్లీ పూసి, నడిమి నుంచి అంచులకు రోలరు తిప్పాల. మే నెలలో ఫ్యాను కింద ఈ పని పెట్టుకోవద్దు. పైన పొర కట్టి లోపల పచ్చిగానే ఉంటుంది, బుడగలు వచ్చేది దానికే. అసలు జరీ అయితే అందులోని వెండి గాలికి నల్లబడుతుంది, దాని మీద వార్నిష్ తప్పదు.

పెన్నా_ఒడ్డు:
అన్నా కాదు, అక్కనే :) రంగుకు మన మన్ను పనికొస్తుందా?

రేగడి_చేను:
ఎర్రమన్ను బంగారం. నల్లరేగడి మాత్రం వద్దక్కా. చేలో నెర్రెలు చూస్తాం కదా, బోర్డు మీదా అదే పని: తడికి ఉబ్బి, ఆరితే చీలుతుంది. ఎర్రమన్ను బకెట్ నీళ్లలో కలిపి, ఇసుక అడుక్కు దిగేదాకా ఒక నిమిషం ఆగి, పైన ఎర్రనీళ్లు ఇంకో గిన్నెలోకి వంచండి. రెండు మూడుసార్లు ఇట్లా చేసి ఆఖరి నీళ్లు రాత్రంతా కదలనీయకండి. అడుగున దిగిన మెత్తని బురదే రంగు. ఆరబెట్టి, నూరి, పలచటి గుడ్డలో జల్లించాల. ఒక పాలు పొడికి ఒక పాలు మీడియంతో మొదలుపెట్టి, ఆరినాక వేలితో రుద్ది చూడండి. వేలికి అంటితే మీడియం చాల్లేదు. ఇనుము వల్ల వచ్చిన ఎరుపు కాబట్టి ఎండకు వెలవదు. పసుపు అట్లా కాదు, కిటికీ పక్కన పెడితే పోతుంది.

తోలుపని:
తోలుబొమ్మలకు వాడే మేకతోలును జిగురుతో పూర్తిగా అంటించకండి. వానకు సాగి ఎండకు ముడుచుకుంటుంది, కింద పూతను కూడా పీకుతుంది. అంచున రంధ్రాలు కొట్టి, మైనం పట్టించిన దారంతో వదులుగా కుట్టాల. దాని అందమంతా వెనక వెలుతురులోనే ఉంది కాబట్టి బోర్డులో కిటికీ కోసి ఎల్ఈడీ పట్టీ పెట్టండి. వేడెక్కే బల్బు వద్దు. కొనే ముందు తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంట ఊరికి పోయి పని చూడండి. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది ఈ విద్యకే.

కడప_బండ:
నున్నగా పాలిష్ పట్టిన బండ ముక్కకు ఏదీ పట్టదు. వెనక 80 నంబరు గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, రెండు ట్యూబుల అరాల్డైట్ జిగురు సమానంగా కలిపి పెట్టి, బోర్డును ఒక రోజు పడుకోబెట్టాల. ఆ చోట గెస్సో కూడా గీకేయండి, లేకపోతే రాయితో పాటు పూతే ఊడొస్తుంది.

ధర్మవరం_పోగు:
వయసు గురించి ఒక మాట. ఇంగ్లండులో మేరీ డెలానీ 1700లో పుట్టింది, నల్ల కాగితం మీద రంగు కాగితాల పూలు అతికించడం డెబ్బై దాటాకే మొదలుపెట్టింది. వెయ్యికి దగ్గరగా చేసింది, చూపు తగ్గినాకే ఆపింది. కాబట్టి కళ్లకు ముందే ఏర్పాటు చేసుకోండి: టేబుల్ లైటు ఎడమనుంచి (ఎడమచేతివాళ్లకు కుడినుంచి), మెడకు తగిలించే భూతద్దం. వేళ్లు నొప్పెడితే కుంచె పిడికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి.

పెన్నా_ఒడ్డు:
పేపరు కటింగులు పసుపెక్కుతాయేమో?

కడప_బండ:
న్యూస్‌పేపర్ ఎక్కుతుంది, శుద్ధి చేయని కట్టె గుజ్జుతో చేసిందది. జిరాక్స్ తీసి కాపీ అతికించండి. ఇంక్‌జెట్ ప్రింటు తడికి కారిపోతుంది, లేజర్‌దే అడగండి.