యాక్సిడెంట్ అయితే సర్కారు దవాఖానా, ప్రైవేటా? చూసినవాళ్లు చెప్పండి

నకిరేకల్ వాసి:
పోయిన నెల మా చిన్నాయన కొడుకు రాత్రి పది దాటాక కట్టంగూరు దగ్గర బైక్ మీద నుంచి పడ్డాడు. తలకు దెబ్బ. 108 వాళ్లు సర్కారు దవాఖానకు పోదామంటే మా వాళ్లు ఒప్పుకోలేదు, "అక్కడికి పోతే శవమే తెచ్చుకోవాలి" అన్నారు. కారు మాట్లాడుకుని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకుపోయాం. అడ్వాన్స్ కట్టించుకున్నారు, తలకు సీటీ స్కాన్ తీశారు, గంటన్నర తర్వాత తల ఆపరేషన్ చేసే డాక్టర్ లేడని హైదరాబాద్‌కు రాశారు. తమ్ముడు బతికాడు. కుడి చెయ్యి మాత్రం ఇంకా లేవట్లేదు. సర్కారుకే పోయి ఉంటే ఆ గంటన్నర మిగిలేదా? నిద్ర పట్టట్లేదు.

సూర్యాపేట నుంచి:
తమ్ముడూ, మాకు దీనికి తలకిందులుగా జరిగింది. మా నాయినకు లారీ తగిలి కాలి ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. సర్కారు దవాఖానలో పుండు కడిగి కట్టు కట్టారు, యాంటీబయాటిక్ పెట్టారు. అంతవరకు బాగానే ఉంది. ఆపరేషన్‌కు మాత్రం ఆరో రోజు దాకా ఇవాళ, రేపు అన్నారు. చీము పట్టింది. ప్రైవేటుకు మార్చి, పది గుంటలు అమ్మి ఖర్చు పెట్టాం. ఇప్పుడు నడుస్తున్నాడు. అందుకే సర్కారే మేలని నేనైతే చెప్పలేను.

నర్స్ అక్క, పాలమూరు:
నలభై నాలుగో నంబరు హైవే మీది కేసులు వచ్చే ఒక సర్కారు క్యాజువాలిటీలో పదకొండేళ్లుగా చేస్తున్నాను. "పోతే శవమే" అన్న మాట ఎక్కడి నుంచి పుడుతుందో చెప్తాను.

లారీ కింద పడ్డవాళ్లను, ఎవరూ వెంట లేనివాళ్లను 108 మా దగ్గరికే తెస్తుంది. ప్రైవేటులో రెండు మూడు రోజులుంచి, ఇంట్లోవాళ్ల దగ్గర డబ్బులు అయిపోయాక, ట్యూబ్ వేసి ఉన్న మనిషిని తెల్లవారుజామున మా గుమ్మంలో దించిపోయిన కేసులు నేనే ఎన్నో చూశాను. ఆ మనిషి మా దగ్గర నాలుగు గంటలు బతికి పోతే ఆ చావు మా రిజిస్టర్‌లో పడుతుంది. అదే ప్రైవేటులో "మా ఇష్టంతో తీసుకుపోతున్నాం" అని సంతకం పెట్టించి పంపితే, దారిలో పోయినా ఆ ఆసుపత్రి చావుల లెక్కలో రాదు. దెబ్బ ఎంత పెద్దది, ఎన్ని గంటలకు చేరాడు అన్నది చూడకుండా ఇక్కడింత మంది, అక్కడింత మంది అని పోలిస్తే అందులో నిజం ఉండదు.

మా దగ్గర లోటు లేదని అనను. వెంటిలేటర్ ఖాళీ లేక పేషెంట్ అన్నతో, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబు బ్యాగ్ నొక్కించిన రాత్రులున్నాయి. సూర్యాపేట అన్న చెప్పిన ఆలస్యం కూడా నిజమే, ప్లేట్లు, రాడ్‌లు అందక ఎముకల కేసులు ఆగిపోతాయి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో మెడికల్ కాలేజీలు వచ్చాక రాత్రిపూట డాక్టర్లు దొరకడం పెరిగింది. కానీ డాక్టర్ ఉండటం వేరు, ఆ అర్ధరాత్రి తల తెరిచే సర్జన్ ఉండటం వేరు.

అందుకే ఏ ఆసుపత్రికైనా బయల్దేరే ముందే ఫోన్ చేసి మూడు మాటలు అడగండి: సీటీ ఇప్పుడు తీస్తారా, సర్జన్ ఉన్నాడా, రక్తం దొరుకుతుందా. రక్తం పోతుంటే, అది కారడం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్ మూడు గంటల లోపు పడాలి. అది చాలా చవకైన మందు, మొదట చేరిన చిన్న దవాఖానలోనే ఇవ్వొచ్చు.

108లో పనిచేసినవాణ్ని:
అక్క చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. మేం చేరేలోపు ఆటోలో మడతపెట్టి ఎక్కిస్తారు, నోట్లో నీళ్లు పోస్తారు. దయచేసి ఆ రెండూ వద్దు. మెడ కదలనివ్వకండి, రక్తం కారేచోట గుడ్డ పెట్టి గట్టిగా ఒత్తి పట్టండి. పోలీసు కేసు అవుతుందని ఎవరూ భయపడొద్దు, సాయం చేసినవాళ్లకు మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ రక్షణ ఉంది. పోలీసులు వచ్చేదాకా ముట్టుకోం అని ఆసుపత్రి అంటే ఒప్పుకోకండి, ముందు ప్రాణం కాపాడాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది.

సూర్యాపేట నుంచి:
డబ్బుల సంగతి కూడా రాస్తాను, మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు. ఆరోగ్యశ్రీ ఇప్పుడు 10 లక్షల దాకా ఉంది, ప్రైవేటులోనైనా ముందు ఆరోగ్యమిత్రను, అంటే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పని చూసే మనిషిని, వెతికి పట్టుకోండి. 2025లో కేంద్రం రోడ్డు ప్రమాదాలకు ఏడు రోజుల వరకు లక్షన్నర దాకా నగదు లేని వైద్యం పెట్టింది. అడ్వాన్స్ కట్టే ముందే ఈ రెండూ అడగండి.

నకిరేకల్ వాసి:
అక్కా, ఆ గంటన్నర వల్లే చెయ్యి పోయిందా? సూటిగా చెప్పు.

నర్స్ అక్క, పాలమూరు:
స్కాన్ చూడకుండా ఆ మాట ఎవరూ చెప్పలేరు తమ్ముడూ. దెబ్బ తగిలిన క్షణంలోనే మెదడులో ఆ భాగం నలిగి ఉండొచ్చు. నిన్ను నువ్వు తినేసుకోకు. నెలే కదా అయింది, ఇంకా కోలుకునే టైం ఉంది. రేపే సర్కారు దవాఖానలో ఫిజియోథెరపీకి తీసుకుపో. డిశ్చార్జి కాగితం, సీటీ ఫిల్మ్ వెంట పెట్టుకో. వేళ్లు ముడుచుకుపోకుండా ఇంట్లో రోజుకు నాలుగైదుసార్లు మెల్లగా చాపించండి. వేళ్లు కొంచెమైనా కదులుతున్నాయా?

నకిరేకల్ వాసి:
బొటనవేలు కదులుతోంది అక్కా. రేపు పొద్దున్నే బయల్దేరుతాం.