సమీకరణాల చోట డాలర్ గుర్తులు కనిపిస్తున్నాయి, ఏం చేయాలి?

వర్గమూలం: కలన గణితం నోట్సు ఒక పేజీగా పెట్టుకున్నాను. ఫోన్‌లో సమీకరణాలు చక్కగా వస్తున్నాయి. లాప్‌టాప్‌లో తెరిస్తే డాలర్లు, బ్యాక్‌స్లాష్‌లు, ఫ్లవర్ బ్రాకెట్లు రాసింది రాసినట్టే కనిపిస్తున్నాయి. రిఫ్రెష్ కొట్టీ కొట్టీ విసుగొచ్చింది.

అనంతం: అది రిఫ్రెష్‌తో పోయే రోగం కాదండీ. రాసింది రాసినట్టే ఉందంటే, వాటిని సమీకరణాలుగా మార్చి చూపే మ్యాథ్‌జాక్స్ స్క్రిప్ట్ అసలు నడవలేదన్నమాట. ఫోన్‌లో వస్తోంది కాబట్టి పేజీని అనుమానించక్కర్లేదు. లాప్‌టాప్‌లో ఆ స్క్రిప్ట్‌ను అడ్డుకునే యాడ్ బ్లాకర్ ఏమైనా ఉందా? ప్రైవేట్ విండోలో తెరిచి చూడండి. మనం అనుమతిస్తే తప్ప అక్కడ ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు.

శూన్యసమితి: నాకూ ఇదే గొడవ, కాకపోతే ఫోన్‌లోనూ రావట్లేదు. చాలా పాత బ్లాగు.

అనంతం: అయితే మీది వేరే కథ. పేజీ సోర్సులో స్క్రిప్ట్ చిరునామా చూడండి. మ్యాథ్‌జాక్స్ వాళ్లు తమ సొంత సీడీఎన్‌ను (స్క్రిప్ట్‌ను పేజీలకు అందించే సర్వర్లను) 2017 ఏప్రిల్‌లోనే ఆపేశారు, ఆ చిరునామా ఉంటే మార్చేయండి. ఇంకోటి, బ్లాగు హెచ్‌టీటీపీఎస్‌కి మారినా స్క్రిప్ట్ చిరునామా పాత హెచ్‌టీటీపీతోనే ఉంటే బ్రౌజరే దాన్ని అడ్డుకుంటుంది. ఎఫ్12 నొక్కి కన్సోల్‌లో ఎర్రగా ఏముందో చదవండి.

పై_విలువ: రెండేసి డాలర్ల మధ్య రాసినవి వస్తూ, ఒక్కో డాలర్ మధ్య రాసినవే రాకపోతే మాత్రం కంగారు పడకండి. సెట్టింగుల్లో చెబితే తప్ప మ్యాథ్‌జాక్స్ ఒంటి డాలర్‌ను పట్టించుకోదు. వాక్యంలో ధరలు రాసేవాళ్లూ ఉంటారు కదా.

కోణమాపిని: నేను మ్యాథ్‌జాక్స్ బదులు అలాంటిదే కేటెక్ వాడుతున్నా. ప్రతి సూత్రం రెండుసార్లు పడుతోంది, రెండోది చెల్లాచెదురుగా!

పై_విలువ: దాని స్టైల్‌షీట్ (ఏది ఎలా కనిపించాలో చెప్పే ఫైలు) లోడ్ కాలేదు. కేటెక్ ఒక్కో సూత్రాన్ని రెండు రూపాల్లో ఇస్తుంది, కంటికి హెచ్‌టీఎంఎల్, స్క్రీన్ రీడర్లకు మ్యాథ్‌ఎంఎల్ (వెబ్‌లో గణితం రాసే భాష). మ్యాథ్‌ఎంఎల్‌ని దాచిపెట్టేది ఆ స్టైల్‌షీటే.

తీరికలేదు: ఇంత తంటా ఎందుకు, స్క్రీన్‌షాట్ తీసి బొమ్మగా పెట్టేస్తే పోలా?

కోణమాపిని: జూమ్ చేస్తే మసకబారుతుంది, చూపు లేనివాళ్లకు అందులో ఏమీ వినపడదు, వెతికితే దొరకదు. క్రోమ్ కూడా 2023లో వచ్చిన 109వ వెర్షన్ నుంచి మ్యాథ్‌ఎంఎల్‌ని నేరుగా చూపిస్తుంటే ఇంకా బొమ్మలేంటండీ.

వర్గమూలం: అనంతం గారూ, ప్రైవేట్ విండోలో వచ్చేశాయి! బ్లాకర్‌లో ఆ పేజీకి మినహాయింపు ఇచ్చాను. కానీ అసమానత ఉన్న ఒక చోట పేరా సగంలో తెగిపోతోంది.

పై_విలువ: < తర్వాత ఖాళీ వదలకుండా అక్షరం రాసి ఉంటారు. బ్రౌజర్ దాన్ని ట్యాగ్ అనుకుని మిగతాది మింగేసింది. రెండు వైపులా స్పేస్ ఇవ్వండి, చాలు.

శూన్యసమితి: కన్సోల్‌లో దొరికింది, హెచ్‌టీటీపీ గొడవే. చిరునామా మార్చగానే సమీకరణాలు వచ్చాయి. మాత్రికల్లో మాత్రం అడ్డువరుసలన్నీ కలిసి ఒకే వరుసైపోతున్నాయి.

అనంతం: మార్క్‌డౌన్‌లో (మామూలు గుర్తులతో రాస్తే హెచ్‌టీఎంఎల్‌గా మార్చే పద్ధతిలో) రాస్తున్నారా? వరుస చివర మీరు రెండు బ్యాక్‌స్లాష్‌లు పెడితే అది ఒకటి తినేస్తుంది. నా లెక్కలో అసలు దొంగ అదే. పాదాంకాల అండర్‌స్కోర్లను కూడా ఇటాలిక్ చేసి పారేస్తుంది. వరుస చివర నాలుగు బ్యాక్‌స్లాష్‌లు పెట్టి చూడండి. రేపు మార్క్‌డౌన్ లేని చోటికి పోస్టులు మార్చుకుంటే మళ్లీ రెండుకి తగ్గించాలి, లేదంటే మధ్యలో ఖాళీ వరుసలు వస్తాయి.