నెలకి లక్ష దాటితే పనివాడు కాడా? అసలు పన్ను ఎవరు మోస్తున్నారు?

రాయగడ లోకో:
2025 బడ్జెట్టులో 12 లక్షల దాకా ఆదాయపు పన్ను లేదన్నారు. జీతగాళ్లకయితే 12.75. సామాన్యుడికి ఊరట అని అందరూ సంబరపడ్డారు. నేను గూడ్సు రైలు నడుపుతాను. అర్ధరాత్రి కాల్ వస్తే లేచి వెళ్లాలి, రైలు సిబ్బందికిచ్చే రన్నింగ్ రూంలో పడుకోవాలి. పన్ను లెక్కకొచ్చే జీతం 14 లక్షలు. జీతగాళ్లకిచ్చే మినహాయింపు 75 వేలు తీసేసి, మిగిలిన దాని మీద సెస్సుతో కలిపి 81,900. ఒడిశా వృత్తి పన్ను ఇంకో 2,500. జీతం చేతికి రాకముందే కోసేస్తారు. మా వీధిలో మేడలు కట్టిన వ్యాపారులు ఎంత కడుతున్నారో ఎవరైనా చెప్తారా? నిద్ర చంపుకుని పనిచేసేవాణ్ణి సామాన్యుడి లెక్కలోంచి ఎందుకు తీసేశారు?

పర్లాకిమిడి కిరాణా:
లోకో గారూ, మేడల వాళ్ల సంగతి నాకు తెలీదు, నా సంగతి చెప్తాను. నేను చిన్న వ్యాపారుల కోసం పెట్టిన జీఎస్టీ కాంపొజిషన్‌లో ఉన్నాను. 1 శాతం కట్టాలి, అదీ లాభం మీద కాదు, పన్నున్న సరుకు అమ్మకం మీద. కొన్నవాడి బిల్లులో వెయ్యకూడదు. సరుకు కొన్నప్పుడు నేను కట్టిన జీఎస్టీ తిరిగి రాదు. ఆంధ్రాలోని పాతపట్నం మాకు పక్కనే. అక్కడి హోటలువాళ్లు మా కొట్టుకొచ్చి పట్టుకెళ్తే సరే. అదే సరుకు నేను నా బండిలో పంపితే పక్క రాష్ట్రానికి సరఫరా అంటారు, కాంపొజిషన్ పోతుంది. పొద్దున్న షట్టరు ఎత్తితే రాత్రి పదింటికి దించుతాను. జ్వరమొస్తే నాకు సెలవు జీతం ఎవరిస్తారు?

బరంపురం ఆటోవాళ్లింటి మనిషి:
2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బు, టూత్‌పేస్టు 18 శాతం నుంచి 5కి దిగాయి, సంతోషం. డీజిలు మాత్రం జీఎస్టీలో లేనే లేదు. మా ఆయన పోయించుకునే ప్రతి లీటరు మీదా కేంద్రానికీ కడుతున్నాడు, రాష్ట్రానికీ కడుతున్నాడు. పన్ను కట్టేవాళ్లు అన్నప్పుడు ఆయన పేరు ఎవరికీ గుర్తు రాదు.

జయపురం బియ్యం:
బియ్యం సంగతి ఎవరూ ఎత్తరేం? 2022 జులై నుంచి లేబులేసిన 25 కిలోల దాకా బస్తాకి 5 శాతం. 26 కిలోల బస్తాకి లేదు. ఒకేసారి బస్తా కొనగలిగినవాడికి పన్ను లేదు, అయిదు కిలోల ప్యాకెట్టు కొనేవాడికి ఉంది!

పర్లాకిమిడి కిరాణా:
లూజు బియ్యానికీ లేదు బాబూ. మా కొట్లో తూచి ఇస్తాం.

జయపురం బియ్యం:
లూజు ఇచ్చే కొట్లు మా వీధిలో లేవు, అన్నీ ప్యాకెట్లే. 26 కిలోల దగ్గర నేనన్నది తప్పయితే చూపించండి.

రాయగడ లోకో:
మాట మారుస్తున్నారు. సబ్బు నేనూ కొంటున్నాను, బియ్యం నేనూ కొంటున్నాను. అవన్నీ మీతోపాటే కట్టి, ఆ పైన 81,900 కడుతున్నాను. నేనడిగింది దాని గురించి.

పర్లాకిమిడి కిరాణా:
మేడలని ఎందుకు రాశారు మరి? వ్యాపారులంతా దొంగలని సూటిగా అనండి.

రాయగడ లోకో:
దాచేవాళ్లని అంటాను. మా పక్కింటి వ్యాపారికి గుమ్మంలో రెండు కార్లు. కుటుంబానికి ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయమని ఆయన కొడుక్కి ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడినవాళ్ల కోటా) ధ్రువపత్రం వచ్చింది. మా అమ్మాయికి మార్కులు ఎక్కువ, సీటు ఆ అబ్బాయికి. నా జీతం కాగితం మీద కనపడుతుంది కాబట్టి నేను ధనవంతుణ్ణి. ఏడాదంతా కట్టినవాడి మాటకి విలువ లేకపోతే ఇంక కట్టడం దేనికి?

గుణుపురం కుర్రాడు:
సార్, ఆ ఆఖరి మాట దగ్గర ఆగండి. మా అమ్మ ఉపాధి పనికి వెళ్తుంది. 2025-26లో ఒడిశా కూలి రోజుకి 273, గట్టు దాటి ఆంధ్రాలోకెళ్తే 307. ఎండ ఒకటే, తవ్వే మట్టి ఒకటే. ఆమె ఆదాయపు పన్ను కట్టింది లేదు. అయితే ఆమె మాటకి విలువ ఉండకూడదా? మీది కష్టం కాదని ఇక్కడెవరూ అనలేదు. ఎక్కువ కట్టాను కాబట్టి ఎక్కువ చెల్లాలంటున్నారు. నేను ఒప్పుకోనిది అదొక్కటే.

రాయగడ లోకో:
తమ్ముడూ, మీ అమ్మగారి కంటే ఎక్కువ నాకొద్దు. దాచుకున్నవాడి కంటే తక్కువ వద్దంటున్నాను. నాకు జీతం, కోసిన పన్ను చూపే ఫారం 16 ఉంది, రూపాయి దాచలేను. వ్యాపారికి అంచనా లాభం మీద పన్ను కట్టే 44ఏడీ పద్ధతి ఉంది. నగదు అమ్మకంలో 8 శాతం లాభమని రాసుకుంటే చాలు, పుస్తకాలు చూపక్కర్లేదు. ఒకటిన్నర కోటి అమ్మినా లెక్కకి 12 లక్షలే. పన్ను సున్నా!

పర్లాకిమిడి కిరాణా:
పప్పు, నూనె అమ్మితే 8 శాతం మిగులుతుందని మీకెవరు చెప్పారు? మా కొట్లో ఓ వారం కూర్చుని చూడండి. ఆ సున్నా రాసినప్పుడు పక్కన ఇంకొకటి కూడా రాయండి. అంతా పన్నున్న సరుకే అయితే, ఒకటిన్నర కోటి అమ్మకానికి కాంపొజిషన్‌లో 1 శాతం అంటే లక్షా యాభై వేలు. మీ 81,900 కంటే ఎక్కువ.

రాయగడ లోకో:
అది ధరలో కలిపి మా దగ్గరే లాగుతారుగా.

పర్లాకిమిడి కిరాణా:
ఎలా కలపను? 40 లక్షల లోపు అమ్మే చిన్న కొట్టుకి జీఎస్టీ రిజిస్ట్రేషనే అక్కర్లేదు, అలాంటిది మా ఎదురుగానే ఉంది. నేను కిలోకి రూపాయి పెంచితే మీరే రోడ్డు దాటి అక్కడికి వెళ్తారు.